మే నెల ఎండకు గుర్రానికి ఏ నీడ, ఏ చల్లదనం? మీ బోరునూ మీ కరెంటునూ చూసి తేల్చుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "రేకుల షెడ్డు వెయ్యాల్నా, కమ్మల పందిరి సరిపోతదా?" "కూలర్ కొనమంటవా, ఫాగర్ (నీళ్ళను మంచులా చిమ్మేది) పెట్టమంటవా?" అడిగేవాళ్ళలో సగం మంది బరాత్ గుర్రాలు పెట్టుకున్నవాళ్ళు. మిగతావాళ్ళు ఊరి బయట నాలుగెకరాలు కొని, ఇష్టంతో ఒకటో రెండో గుర్రాలు తెచ్చుకున్నవాళ్ళు. దేవరకొండ పక్కన మా ఇంట్లో తాత జట్కా తోలిన రోజుల నుంచీ గుర్రం లేని ఎండాకాలం లేదు. అందుకే నన్ను అడుగుతారు.

వాళ్ళందరినీ నేను ముందుగా అడిగేవి రెండే. మే నెల మధ్యాహ్నం మీ దగ్గర ఎన్ని డ్రమ్ముల నీళ్ళుంటాయి? కరెంటును ఎన్ని గంటలు నమ్మొచ్చు? ఎంత ఖర్చు పెట్టగలరన్నది ఆ తర్వాతి మాట. డబ్బు బాగానే ఉండి బోరు ఎండినవాళ్ళు ఫాగర్ కొని ఏం చేస్తారు? నీళ్ళు పుష్కలంగా ఉన్నవాళ్ళకు అసలు కూలర్ ఎందుకు?

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

గుర్రం ఒళ్ళంతా కండ. కండ పనిచేసినప్పుడు తిన్న తిండి బలంలో నాలుగో వంతే కదలికకు పోతుంది, మిగిలినదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని గుర్రం ముఖ్యంగా చెమటతోనే బయటికి పంపుకుంటుంది. మన చెమట కంటే గుర్రం చెమటలో ఉప్పు ఎక్కువ. అందుకే ఎండాకాలం దానికి నీళ్ళతో పాటు ఉప్పు కూడా లోటు పడుతుంది.

నీడలో నిలబడ్డ ఆరోగ్యమైన గుర్రం ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఊపిరి నిమిషానికి 8 నుంచి 16 సార్లు, గుండె 28 నుంచి 44 సార్లు. ఈ అంకెలు గుర్తుంటే చాలా గాబరా తప్పుతుంది. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు ఒకటి గుర్రం కోసమే విడిగా పెట్టుకోండి. గుదంలో పెట్టి చూడాలి. జారి లోపలికి పోకుండా దారం కట్టి పట్టుకోండి.

తర్వాత నీళ్ళ లెక్క. సుమారు 350 కిలోల గుర్రం మామూలు రోజుల్లో 20 లీటర్ల దాకా తాగుతుంది. ఎండలో పనిచేసిన రోజు 40 కూడా దాటుతుంది. ఒంటి మీద పోసేది దీనికి అదనం. అంటే 200 లీటర్ల నీలం డ్రమ్ము రెండు గుర్రాలకు ఒక్క రోజుకు కష్టంగా సరిపోతుంది. మీ బోరు ఏప్రిల్ చివరికే సన్నబడితే, ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

గాలి తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది మూడోది. మొత్తం ఎంపికను తిప్పేసేది ఇదే, కింద వివరంగా చెబుతాను. ఆఖరిది గుర్రం రంగు. గులాబీ రంగు చర్మమున్న తెల్ల నుక్రా గుర్రాలకు ముక్కు మీద, కళ్ళ చుట్టూ ఎండకు చర్మం కాలిపోతుంది. బరాత్‌కు పెళ్ళివాళ్ళు అడిగేది ఎక్కువగా ఇవే. చూడ్డానికి తెల్లగానే ఉన్నా చర్మం నల్లగా ఉండే గుర్రాలకు ఆ బాధ అంతగా ఉండదు. నుక్రా ఉన్నవాళ్ళకు పగటిపూట నీడ తప్పనిసరి. తప్పక బయటికి తీయాల్సి వస్తే ముక్కుకు జింక్ ఆక్సైడ్ మలాం రాయండి.

## పైకప్పు: చెట్టా, కమ్మలా, రేకులా, నెట్టా?

మన దగ్గర ఒక విశేషం ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ 17 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి మే మొదటి వారాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ గంటల్లో కప్పు నీడ కప్పు కిందే పడుతుంది. పక్కల నుంచి ఎండ తగిలేది పొద్దున తూర్పు నుంచి, సాయంత్రం పడమర నుంచి. అందుకే ఏ కప్పు వేసినా పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు చిన్న వైపులు రెండే ఎండకు తగులుతాయి, అక్కడ తడికలు వేలాడదీస్తే చాలు. ఉత్తరం, దక్షిణం గాలికి వదిలెయ్యండి.

చెట్టు నీడ. ఉంటే దీనికి సాటి లేదు. ఆకు నీరు విడుస్తూ తన చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. రేకు ఆ పని చేయలేదు. వేప మార్చి, ఏప్రిల్‌లలో కొత్తాకు తొడిగి సరిగ్గా మే నెలకు గుబురుగా ఉంటుంది. కానుగ కూడా అంతే. చింత నీడ చిక్కన. మా పాత గుర్రం చింత కిందే పెరిగింది. అయితే గుర్రాన్ని మొదలుకే కట్టేస్తే బెరడు కొరుకుతుంది, వేళ్ళ మీద తొక్కి చెట్టును చంపుతుంది. పక్కన గుంజ పాతి కట్టండి. ఉరుముల గాలివాన వచ్చే సాయంత్రాల్లో ఒంటి చెట్టు కింద వదలొద్దు. ఇంకో మాట: కొట్టం చుట్టూ అందానికి గన్నేరు నాటకండి. నాలుగాకులు నమిలినా గుర్రం ప్రాణానికే ముప్పు. ఫారం హౌసుల గేటు దగ్గర గన్నేరు వరసలు కనబడినప్పుడల్లా నాకు గుండె ఆగినట్టవుతుంది.

కమ్మల పందిరి. తాటి కమ్మలకు మన జిల్లాల్లో కొదువ లేదు. కింద నిలబడితే రేకుల కింద కంటే చల్లదనం ఇట్టే తెలుస్తుంది. కమ్మల మధ్య గాలి నిలిచి వేడిని కిందికి దిగనివ్వదు. రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములొస్తాయి. అన్నిటికంటే పెద్ద భయం నిప్పు. ఎండిన కమ్మ మీద బీడీ ముక్క పడినా, పెళ్ళి ఇంటి నుంచి తారాజువ్వ వచ్చి పడినా నిమిషాల్లో అయిపోతుంది. కరెంటు తీగను కమ్మలకు తగలనివ్వకండి. గుర్రాన్ని తలుగు కోసి వదిలేయడానికి ఒక కొడవలి అందేచోట ఉంచండి.

రేకుల షెడ్డు. అందరూ ముందు అడిగేది ఇదే. గట్టిగా ఉంటుంది, వానకు ఆగుతుంది, అందుకే ఆశ. నేనూ అట్లాగే వేశాను, పొరపాటు అక్కడే జరిగింది. వడగాలి రాకూడదని పడమర, దక్షిణం, ఉత్తరం మూడు వైపులా గోడలు లేపాను, పైకప్పును ఎనిమిది అడుగులకే దించాను. మొదటి మే నెలలో మూడు గంటలప్పుడు లోపలికి పోతే, ఏ పనీ చేయని గుర్రం ముక్కుపుటాలు విప్పుకుని రొప్పుతోంది. బయట వేప కింద ఉన్న గుర్రం తోక ఊపుకుంటూ ప్రశాంతంగా ఉంది. ఆ వారమే రెండు గోడలు తీయించేశాను.

రేకులే వేయాలనుకుంటే ఎత్తు 12 అడుగులకు తగ్గకూడదు, నడి శిఖరం దగ్గర వేడి పోయే సందు వదలాలి, పైన సున్నం కొట్టాలి. రేకుల మీద ఒక జానెడు ఎడం వదిలి తాటి కమ్మలో గ్రీన్ నెట్టో పరిచారంటే రేకు ఎండకు కాలదు. ఈ రెండు పొరల పద్ధతే నా దృష్టిలో మన ఎండలకు సరైనది. గుర్రానికి గది కనీసం 12 అడుగులకు 12 అడుగులు ఉండాలి.

గ్రీన్ నెట్. చవక, ఒక్క పూటలో కట్టేయొచ్చు. కిరాయి స్థలంలో ఉన్నవాళ్ళకు ఇదే దారి. తలకు తగిలేంత కిందికి కడితే లాభం లేదు. ఎత్తుగా, బిగువుగా కట్టండి. మే చివర గాలిదుమారానికి చినుగుతుంది, ఏటా కొత్తది అనుకోవలసిందే.

నేల సంగతి. షాబాద్ బండలు పరిస్తే కడగడం తేలికే గానీ తడికి గుర్రం జారుతుంది, ఎండ పడితే పెనంలా కాలుతుంది. మొరం నేల మేలు. ఇసుక వేస్తే పడుకోవడానికి బాగుంటుంది, కానీ మేత నేల మీద వేయొద్దు. మేతతో పోయిన ఇసుక పేగుల్లో పేరుకుని కడుపు నొప్పి తెస్తుంది.

## చల్లబరిచే పద్ధతులు: ఏప్రిల్‌లో ఒకటి, జూన్‌లో ఇంకొకటి

ఒక లీటరు నీళ్ళు ఒంటి మీద ఆవిరైపోతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతాయి. అదే లీటరు ఆవిరి కాకుండా, ఒంటి మీద పది డిగ్రీలు వెచ్చబడి కిందికి కారిపోతే తీసుకుపోయేది సుమారు 42 కిలోజౌళ్ళే. తేడా యాభై రెట్లు దాటింది.

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన గాలి ఎండి ఉంటుంది. చేతి మీద చల్లిన నీళ్ళు చూస్తుండగానే ఆరిపోతాయి. అలాంటి గాలిలో తడిపి, గాలి తగలనిస్తే కొద్ది నీళ్ళతోనే గుర్రం చల్లబడుతుంది. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చి రెండు జల్లులు పడ్డాక ఉక్క మొదలవుతుంది. ఒంటి మీది తడి ఆరదు, చెమట ఆరదు. పాదరసం 36కు దిగింది కదా అని మనం ఊపిరి పీల్చుకుంటాం, గుర్రానికి మాత్రం అప్పుడే కష్టం. ఆ రోజుల్లో ఆవిరి మీద ఆశ పెట్టుకోకుండా, వేడిని నీళ్ళే మోసుకుపోయేలా బిందెల కొద్దీ పోస్తూ ఉండాలి.

| పద్ధతి | నీళ్ళు | కరెంటు | ఎండిన గాలిలో | ఉక్కలో |
|---|---|---|---|---|
| బకెట్టు, పైపుతో పోయడం | చాలా | అక్కర్లేదు | బాగా పనిచేస్తుంది | ఇదే దిక్కు |
| తడిపి ఫ్యాను కింద నిలబెట్టడం | కొద్దిగా | కావాలి | అన్నిటికంటే పొదుపు | సగమే |
| కూలర్ | మధ్యస్థం | కావాలి | తెరిచిన షెడ్డులో మంచిది | దాదాపు దండగ |
| ఫాగర్ | కొద్దిగా | కావాలి | మంచిది | దండగ, తడి పెంచుతుంది |
| తడి గోనె పట్టాలు, వట్టివేళ్ళ తడికలు | కొద్దిగా | అక్కర్లేదు | గాలి వీస్తే చాలా మంచిది | పనికిరాదు |

కూలర్ గురించి ఒకటే హెచ్చరిక: మూసిన గదిలో పెట్టొద్దు. గంటలో ఆ గది ఆవిరి గదైపోతుంది. ఫాగర్‌కు మన బోరు నీళ్ళే శత్రువు. ఉప్పు పేరుకుని నాజిళ్ళు మూసుకుపోతాయి. ఫిల్టరు పెట్టి, వారానికోసారి విప్పి కడిగే ఓపిక ఉంటేనే కొనండి.

ఉత్త ఫ్యాను గురించి కూడా చెప్పాలి. గాలే 43 డిగ్రీలున్నప్పుడు పొడి ఒంటి మీదికి ఫ్యాను తోలేది వేడి గాలినే. తడి లేకుండా ఫ్యాను వేసి పనైపోయిందనుకోవద్దు. తీగ గుర్రం నోటికి అందకూడదు.

కరెంటు సరిగ్గా మధ్యాహ్నమే పోయే చోట నేను చెప్పేది గోనె పట్టాలు. గాలి వచ్చే వైపు వేలాడదీసి గంటకోసారి తడపండి, ఎదుటి వైపు తెరిచి ఉంచండి. వట్టివేళ్ళ తడికలైతే ఇంకా మంచిది, వాసన కూడా హాయి. కానీ తడి గోనె పట్టాను గుర్రం వీపు మీద కప్పి వదిలేయకండి. కాసేపటికి అది వెచ్చబడి, లోపలి వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుంది.

## చన్నీళ్ళ భయం

"వేడి మీదున్న గుర్రానికి చన్నీళ్ళు పోయకు బిడ్డా, నరాలు పట్టేస్తయ్" అని నాయన అనేవాడు. ఆయనకు వాళ్ళ నాయన చెప్పిన మాట. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు, ఆ ఊరి వేడి, ఉక్కలకు గుర్రాలు ఏమవుతాయోనని శాస్త్రవేత్తలు పరీక్షలు చేశారు. పరుగెత్తి వేడెక్కిన గుర్రాల మీద చల్లటి నీళ్ళు పోస్తే కండరాలు పట్టెయ్యలేదు, గుర్రాలు తొందరగా తేరుకున్నాయి. ఐసు వేసిన నీళ్ళైనా పోయొచ్చు. మెడ, ఛాతీ, వీపు, పిరుదులు, వెనక తొడల లోపలి వైపు, ఒళ్ళంతా పోయండి. మధ్యలో ఆపి నీళ్ళు తుడుస్తూ కూర్చోవద్దు, పోస్తూనే ఉండండి.

పని ముగించిన గుర్రాన్ని నీళ్ళు తాగనివ్వొద్దన్నది ఇంకో పాత మాట. అదీ వదిలేయండి. బకెట్టు ముందు పెట్టండి, తాగనివ్వండి.

ఎండలో పడి ఉన్న పైపులోంచి మొదట వచ్చేది కాగిన నీళ్ళు. ముందు చేతి మీద చూసుకుని, అవి పోయాక గుర్రం వైపు తిప్పండి. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నీళ్ళు కూడా మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. తాగే నీళ్ళకు నీడలో పెట్టిన గోలెం మేలు. నల్లగొండ వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళు, పోయడానికి బోరు నీళ్ళు అని విడదీయండి. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే పశువుల పళ్ళు, ఎముకలు కూడా చెడతాయి.

ఉప్పు రోజుకు సుమారు 25 గ్రాములు దాణాలో కలపండి. బాగా చెమట పట్టిన రోజు ఇంకొంచెం. ఉప్పు కలిపిన నీళ్ళు పెడితే పక్కనే మంచినీళ్ళు కూడా తప్పక ఉండాలి, లేకపోతే కొన్ని గుర్రాలు అసలు తాగడమే మానేస్తాయి. ఉలవ గుగ్గిళ్ళు పొద్దున్నే గానీ, చల్లబడ్డాక గానీ పెట్టండి.

## ఎవరికి ఏది

బరాత్ గుర్రాలవాళ్ళు. మీకు షెడ్డు కంటే బయట గడిపే రెండు గంటలే ముఖ్యం. మూడు గంటలకు ముస్తాబు మొదలుపెట్టి ముఖమల్ జూలు (వీపు మీది అలంకారపు గుడ్డ) కప్పి నిలబెడితే, ఊరేగింపు కదిలేసరికే గుర్రం అలసిపోతుంది. జూలు చివరి పది నిమిషాల్లో వేయండి. జనరేటరు పక్కన, డీజే బండి వెనక నిలబెట్టొద్దు, అక్కడ వేడి గాలి నేరుగా తగులుతుంది. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, ఒక పెద్ద స్పంజి వెంట ఉండాలి. మధ్యాహ్నం బరాత్ అడిగేవాళ్ళకు ధైర్యంగా కాదని చెప్పండి. బరువు లాగే, మోసే పశువుల మీద క్రూరత్వాన్ని ఆపే 1965 కేంద్ర నిబంధనలు కూడా 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువుతో పని చేయించొద్దనే అంటున్నాయి. బేరం పోతుందన్న భయం నాకు తెలుసు, మా ఇల్లు గడిచిందీ దాని మీదే. అయినా సరే. డీసీఎం వ్యానులో తీసుకుపోవాల్సి వస్తే రాత్రి కదలండి, ఎండలో బండి ఆపి చాయ్‌కు దిగొద్దు.

పొలంలో ఇష్టంతో పెంచేవాళ్ళు. మీకు స్థలం ఉంది. చెట్టు ఉంటే ఈ ఏడాది షెడ్డుకు తొందరపడకండి. ఆ డబ్బుతో నీడలో పెద్ద తొట్టి, ఒక ఫ్యాను పెట్టుకోండి. స్వారీ పొద్దున ఏడులోపు. మన రాతిగుట్టలు పగటి వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటాయి కాబట్టి సాయంత్రం ఆరు కంటే తెల్లవారుజామే చల్లన.

చూడి గుర్రం, పిల్ల, ముసలి గుర్రం ఉన్నవాళ్ళు. ఇక్కడ పొదుపు మాట వద్దు. రెండు పొరల కప్పు, ఫ్యాను, కరెంటు పోతే గోనె పట్టాలు, మూడూ ఉండాలి. ఎండలో ఉండి కూడా ఒంటి మీద చెమట కనబడని గుర్రాన్ని కూడా వీటితోనే లెక్కించండి. చెమట ఆగిపోవడం జబ్బు, డాక్టరుకు చూపించాలి.

## చెయ్యి దాటుతున్నప్పుడు

మెడ మీది చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, పళ్ళ చిగురు మీద వేలితో నొక్కితే రెండు సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోవడం ఒంట్లో నీళ్ళు తగ్గాయనడానికి గుర్తులు. నీడలో పది నిమిషాలు నిలబెట్టినా రొప్పు తగ్గకపోయినా, ఒంటి వేడి 40 దాటినా, నడకలో తూలుతున్నా ఇక పొదుపు, పద్ధతి అన్న లెక్కలొద్దు. ఎండిన గాలైనా ఉక్కైనా, ఉన్న నీళ్ళన్నీ తెచ్చి ఆపకుండా పోయండి. పక్కింటివాళ్ళను పిలవండి, ఒకరు తోడితే ఒకరు పోయండి. సీసాతో నోట్లోకి నీళ్ళు వంచకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఎవరో ఒకరు పశువుల అంబులెన్సు నంబరు 1962కో, మీ ఊరి పశువైద్యుడికో ఫోను చేయాలి. అయిదు నిమిషాలకోసారి థర్మామీటరు చూడండి. 39కి దిగేదాకా చెయ్యి ఆపకండి. దిగాక కూడా ఆ రాత్రి గుర్రం దగ్గరే ఒకరు పడుకోండి.